బంకు ఇచ్చాం సరే, బేరం ఎవరిస్తారు?

డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం దాటిన మర్నాడు పేపరు జిల్లా పేజీల్లో ఒకే రకం ఫోటో వస్తుంది. మధ్యలో కొత్త ఇనుప బంకు (బడ్డీ కొట్టు), దానికి పూలదండ, రిబ్బను పట్టుకున్న పెద్దలు, ఓ చివర మూడుచక్రాల బండిలో ఆ బంకు అందుకున్న మనిషి. ఈసారి మా ఊళ్ళో కూడా అలాంటి కార్యక్రమం చేయాలని నాతో చదువుకున్నవాళ్ళు చందాలు మొదలుపెట్టారు. పాకాల దిక్కు మా ఊళ్ళో పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిపోయిన తమ్ముడొకడున్నాడు, అతనికి బంకు పెట్టించాలని. బంకుకు 40 వేలు, మొదటి సరుకుకు 20 వేలు. బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నవాళ్ళు సాయంత్రానికల్లా సగం పంపేశారు. వాళ్ళది మంచి మనసు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ పద్ధతిలో ఇస్తే ఆ అంగడి ఏడాది నిలవదని నేనన్నాను. "నువ్వియ్యకపోతే పోనీ, ఇచ్చేవాళ్ళకు అడ్డం పడొద్దు" అని ఒకతను కోప్పడ్డాడు. ఫోన్లో నాలుగు ముక్కల్లో చెప్పగలిగిన విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక హోల్‌సేల్ కిరాణా అంగడిలో లెక్కలు రాస్తాను. చంద్రగిరి, పాకాల, దామలచెరువు, చిన్నగొట్టిగల్లు వైపు పల్లె అంగళ్ళ పద్దులు నా చేతి మీదుగా పోతుంటాయి. ఎవరి అంగడి నడుస్తోందో, ఎవరిది చిక్కిపోతోందో ఆ మనిషిని చూడకుండానే పద్దులో తెలిసిపోతుంది. మొదట తీసుకునే సరుకు తగ్గుతుంది. తర్వాత రకాలు తగ్గుతాయి. నూనె పాకెట్లు, సబ్బులు పోయి బీడీకట్టలు, అగ్గిపెట్టెలు, చాక్లెట్ డబ్బాలు మిగులుతాయి. ఆ తర్వాత ఆ పేరు మీద బిల్లు పడదు. దానంగా వచ్చిన అంగళ్ళు ఈ దారినే పోవడం నేను చూస్తూనే ఉన్నాను. నడిపే మనిషికి కాళ్ళు లేకపోవడమో, చూపు లేకపోవడమో దానికి కారణం అనుకుంటే పొరపాటు. ఆ అంగడికి సరైన చోటు లేదు, తప్పక వచ్చే బేరం లేదు. మనం సాయం చేయదలిస్తే ఆ రెండింటికీ చేయాలి. బంకు, సరుకు ఆ తర్వాతి సంగతి.

అసలు అంగడే ఎందుకు అంటే, పల్లెలో కూర్చుని చేసే పని ఇంకేముంది? సేద్యం, ఉపాధిహామీ, పాలక్యాన్లు మోయడం, మామిడికాయల కాలంలో కోతలు, లోడింగు, అన్నీ ఒంటి బలం అడిగేవే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులుంటే, వాళ్ళలో నూటికి 69 మంది పల్లెల్లో ఉన్నారు. మొత్తం మీద ఏదో ఒక పని దొరికినవాళ్ళు నూటికి 36 మంది. పోలియో తగ్గిపోయింది, 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు కూడా. కానీ షుగరుతో కాలు తీసేయించుకున్నవాళ్ళు, రోడ్డు ప్రమాదాల్లో నడుము పడిపోయినవాళ్ళు ప్రతి పల్లెలో కొత్తగా చేరుతున్నారు. తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రిలో కృత్రిమ కాలు పెట్టించుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి, మళ్ళీ మడకపట్టే పని చేయలేనని తెలిశాక, మొదట అనుకునేది చిల్లరంగడి గురించే.

చిల్లరంగడి లెక్క

మా వ్యాపారంలో బిస్కెట్లు, సబ్బుల మీద పల్లె అంగడికి నూటికి 8 నుంచి 12 దాకా మిగులుతుంది. చక్కెర, నూనె మీద 3, 4 మిగిలితే గొప్ప. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు కుళ్ళకుండా పోతే లాభం, కుళ్ళితే నష్టం. అన్నీ కలిపి నూటికి 8 అనుకుందాం. రోజుకు 1,500 రూపాయల బేరం జరిగితే మిగిలేది 120. నెలకు 3,600. అందులో కరెంటు బిల్లు పోవాలి, ఎలుకలు కొట్టినవి పోవాలి, గడువు తీరిన పాకెట్లు పోవాలి. రోజుకు 1,500 బేరమంటే మూడొందల గడప ఉన్న పల్లెలో, అప్పటికే నాలుగు అంగళ్ళున్న చోట, ఐదో అంగడికి తేలిగ్గా వచ్చేది కాదు.

దానమిచ్చేవాళ్ళు ఈ లెక్క వేయరు. బంకు కనిపిస్తుంది, దాని మీద దాత పేరు కనిపిస్తుంది. మూడో నెలలో సరుకు తెచ్చుకోవడానికి చేతిలో డబ్బు ఉందా లేదా అనేది ఫోటోలో కనిపించదు. 20 వేల సరుకు ఇస్తే అందులో ఇంటి ఖర్చులకు కొంత పోతుంది, బాకీల్లో కొంత ఇరుక్కుంటుంది, రెండోసారి సరుకుకు వచ్చేసరికి చేతిలో 8 వేలుంటాయి. దీన్నే మేం రొటేషన్ తెగిపోవడం అంటాం. మంచి కాళ్ళున్నవాడైతే ఆ నెల ఇంకో చోట కూలికి పోయి పూడ్చుకుంటాడు. వీళ్ళకు ఆ వీలుండదు.

అప్పులిచ్చే ఏర్పాట్లు లేకపోలేదు. వికలాంగుల కోసమే కేంద్రం 1997లో ఒక ఆర్థిక సంస్థ పెట్టింది, తక్కువ వడ్డీకి రుణాలిస్తుంది. చిన్న వ్యాపారాలకు 2015 నుంచి ముద్ర రుణాల పథకం ఉంది. కానీ బేరం లేని అంగడికి అప్పు ఇప్పిస్తే ఆ మనిషి నెత్తిన ఇంకో కంతు పెట్టినట్టే.

"రాసుకో"

పల్లె అంగడి బాకీ లేకుండా నడవదు. పాలబిల్లు వచ్చినప్పుడు, మామిడి డబ్బు చేతికొచ్చినప్పుడు తీరుస్తారు. అందరు అంగడివాళ్ళకూ ఇది మామూలే. అయితే వికలాంగుడి అంగట్లో బాకీ తీరే పద్ధతి వేరుగా ఉంటోంది, దీని గురించి మనం నోరు విప్పి మాట్లాడుకోవాలి.

దామలచెరువు దగ్గర ఒక పల్లెలో, ఒక కాలు లేని అంగడాయన బాకీ పుస్తకం నాకు చూపించాడు. స్కూలు పిల్లల రూళ్ళ నోటుపుస్తకం. పేజీకో ఇల్లు. కొన్ని పేజీల్లో ఒక్క కొట్టివేత కూడా లేదు, కింద కింద అంకెలు కూడుకుంటూ పోయాయి. బాకీ అడిగితే ఆ ఇళ్ళవాళ్ళు ఏమంటారంటే, "నీకేమప్పా, ఒకటో తేదీ ఆరువేలు ఇంటికే తెచ్చిస్తారు. మాకెవరిస్తారు?" ఆ ఊళ్ళోనే పక్క వీధిలో ఇంకో అంగడి ఉంది. అక్కడ బాకీ పెడితే ఆ అంగడాయన వచ్చి ఇంటి ముందు నిలబడతాడు, పదిమందిలో అడుగుతాడు. అందుకని ముందు అక్కడ తీరుస్తారు. ఈయన ఇంటింటికీ పోయి అడగలేడు, పోయినా అరిచి అడగలేడు. అందుకని ఈయనది చివరికి.

నూటికి 8 మిగిలే వ్యాపారంలో వంద రూపాయల బాకీ మునిగితే దాన్ని పూడ్చడానికి ఇంచుమించు ఇంకో 1,200 రూపాయల సరుకు అమ్మాలి. 2024 జులైలో వికలాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయ్యింది. అది వాళ్ళ మందులకు, తిండికి, ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి. దాన్ని ఊరంతటి బాకీలకు పూచీగా లెక్కేసుకుంటే ఎలా? ఆయన బంకుకు చందా ఇచ్చిన ఇళ్ళవాళ్ళే ఆ పుస్తకంలో ఉండటం నాకు చాలా బాధ కలిగించింది.

పెన్షన్ చుట్టూ ఇంకో భయం కూడా ఉంది. 2025లో ధ్రువపత్రాలు మళ్ళీ పరిశీలించినప్పుడు తమ వైకల్యం 40 శాతం కన్నా తక్కువని రాస్తారేమోనని చాలామంది నిద్రలేకుండా గడిపారు. పెన్షన్‌కు కొలిచేది వైకల్యాన్ని, పనితనాన్ని కాదు. కానీ "అంగట్లో కూర్చుని అమ్ముతా వుంటే, వీడికి బాగానే వుందని రాసేస్తారేమో" అనే మాట పల్లెల్లో గట్టిగా నాటుకుపోయింది. ఆ భయంతో అంగడిని తమ్ముడి పేరుతోనో, భార్య పేరుతోనో పెట్టేవాళ్ళున్నారు. అప్పుడు వికలాంగుల పేరు మీద రావాల్సిన రుణం గానీ, స్థలం గానీ వాళ్ళకు రాదు.

ఎస్టీడీ బూతు ఎందుకు నిలిచింది

వికలాంగులకు అంగడి అనే ఆలోచన ఒకప్పుడు నిజంగా పనిచేసింది. ఎనభైల చివర, తొంభైల్లో తిరుపతిలో తిరిగినవాళ్ళకు గుర్తుంటుంది, బస్టాండు, రైల్వే స్టేషను చుట్టూ పసుపు రంగు ఎస్టీడీ బూతులు. బూతులు కేటాయించేటప్పుడు వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. దర్శనం చేసుకుని దిగినవాళ్ళు ఇంటికి ఫోన్ చేయాలంటే అక్కడికి రావాల్సిందే. రాత్రిపూట రేటు తగ్గేదాకా బయట వరుసలో నిలబడేవాళ్ళు.

అది ఎందుకు నడిచింది? నేను లెక్కలవాణ్ణి కాబట్టి ఆ కళ్ళతోనే చెబుతాను. పెట్టుబడి పెట్టి సరుకు కొనాల్సిన పనిలేదు, కుళ్ళేది లేదు, గడువు తీరేది లేదు. జనం నడిచే చోట ఉంది. బూతు దొరికిన మనిషి దాన్ని ఎవరి దయవల్లనో కాక, తనకు కేటాయించింది కాబట్టి నడిపేవాడు. అన్నిటికన్నా పెద్దది, మాట్లాడటం అయిపోగానే మీటరు నుంచి కాగితం ముక్క వచ్చేది, దాని మీద అంకె ఉండేది. ఆ అంకె చూశాక "రాసుకో" అని ఎవరూ అనేవాళ్ళు కాదు. కూర్చున్న మనిషి గొంతు పెంచాల్సిన అవసరం లేకుండా మీటరే డబ్బు అడిగింది.

2003లో సెల్‌ఫోనుకు ఇన్‌కమింగ్ ఉచితమైంది, ఆ తర్వాత కొన్నేళ్ళకే బూతులు పోయాయి. వాటి బదులు ఈ మనుషులకు ఇంకేం ఇద్దామని ఎవరైనా కూర్చుని ఆలోచించారా? నాకు కనిపించినంతలో లేదు. 2011లో మీసేవ మొదలైంది అప్పటి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే. జనం తప్పక రావాల్సిన పని, సరుకు లేని పని, రసీదు వచ్చే పని. ఎస్టీడీ బూతుకు సరిగ్గా వారసురాలు కావాల్సింది అదే. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక ఆ పనుల్లో చాలా భాగం అటు పోయాయి.

ఇప్పటికీ దారులు మూసుకుపోలేదు. బ్యాంకు మిత్ర పని ఉంది, వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇచ్చేది. పాలు పోసే చోట లెక్క రాసే పని ఉంది. రేషను స్టోరు డీలరు పని ఉంది, ఎత్తుడు దించుడుకు ఒక మనిషిని పెట్టుకున్నా కుర్చీలో కూర్చుని తూకం, లెక్క చూసుకోవచ్చు. అంగన్‌వాడీకి, స్కూలుకు, హాస్టలుకు ఊళ్ళోనే కొనే చిన్న చిన్న సరుకులున్నాయి. ఇందులో ఏ ఒక్కటి దక్కినా ఊరు ఆ గడప తొక్కుతుంది. డబ్బు తీసుకోవడానికి వచ్చిన ముసలామె అక్కడే సబ్బు కొంటుంది, వక్కాకు కొంటుంది. చిల్లర సరుకు అప్పుడు పెట్టాలి, ఆ పని పక్కన.

చోటు

నేను చూసిన ఒక దానపు బంకు గురించి చెబుతాను. ఊరి బయట, స్మశానానికి పోయే బాటకు ఇవతల పెట్టారు. ఊళ్ళో రచ్చబండ దగ్గర చోటు ఖాళీగానే ఉంది, అక్కడ పెడితే ఇంకో అంగడాయనకు కోపమొస్తుందని ఇటు నెట్టారు. బంకు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంది, ఎక్కడానికి రెండు ఇనుప మెట్లు. ముందర పలక నా నడుము కంటే ఎత్తు. నిలబడి అమ్మే మనిషి కోసం చేసిన బంకు అది. బంకు అందుకున్నతను లోపల రేకు పెట్టె మీద కూర్చుంటే బయటినుంచి నెత్తి మీది జుట్టు మాత్రమే కనిపిస్తోంది. పై అరలో పెట్టిన షాంపూ పాకెట్ల సరం అందుకోవడానికి గొడుగు పిడి వాడుతున్నాడు. పొద్దున చేతుల మీద పాకి లోపలికెక్కితే సాయంత్రం అన్న వచ్చేదాకా దిగలేడు. దగ్గర్లో మరుగుదొడ్డి లేదు. అందుకని పగలంతా నీళ్ళు తాగడం మానేశాడు. నాకీమాట చెప్పింది అతను కాదు, వాళ్ళమ్మ.

మూడుచక్రాల బండి ఎక్కాలంటే వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు. దారి పక్కన అంత చోటు ఎవరిస్తారు? నేలమట్టానికి గచ్చు వేసి, పలక తొడల ఎత్తులో పెట్టి, అరలు చేయి చాచితే అందే ఎత్తులో కొట్టిస్తే అయ్యే పని. ఖర్చు తగ్గుతుంది కూడా. ముందుగా ఆ మనిషిని కూర్చోబెట్టి, చేయి ఎంతదాకా అందుతుందో టేపు పెట్టి కొలిస్తే చాలు.

చట్టంలో చోటు గురించి స్పష్టంగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షను, వ్యాపారం పెట్టుకోవడానికి రాయితీ ధరకు ఇచ్చే స్థలాల్లో 5 శాతం వాళ్ళకు కేటాయించాలంటుంది. ఆచరణకు వచ్చేసరికి ఇబ్బంది ఎక్కడంటే, మన పంచాయతీకి బస్టాపు దగ్గర ఉండేవి ఆరో, ఎనిమిదో గదులు. ఎనిమిదిలో 5 శాతం అంటే అర గది కూడా కాదు. కాబట్టి ఎవరికీ రాదు, అన్నీ వేలానికి పోతాయి, ఎక్కువ పాడినవాడికి దక్కుతాయి. మండలం మొత్తం గదుల్ని ఒక్క లెక్కగా చూస్తే తప్ప ఆ 5 శాతానికి అర్థం రాదు. మనం అర్జీ పెట్టాల్సింది దీనికి. ఇది రాకుండా బంకు కొనిస్తే, దాన్ని దించడానికి మనకు మిగిలేది స్మశానం బాటే.

నన్ను ఆపే ప్రశ్నలు

ఇంత గట్టిగా చెబుతున్నా, కొన్ని ప్రశ్నల దగ్గర నేనూ ఆగాల్సి వస్తోంది.

మొదటిది, కాళ్ళు లేనివాళ్ళనీ కళ్ళు లేనివాళ్ళనీ అందరినీ అంగట్లో కూర్చోబెట్టడమేనా మనకు తెలిసిన సాయం? మా బంధువుల్లో ఒకమ్మాయికి పుట్టుకతోనే ఎడమచేయి మోచేతి దాకానే ఉంది. బీకాం మంచి మార్కులతో పాసయింది. ఫ్యాన్సీ అంగడి పెట్టిస్తామని పెద్దవాళ్ళు బయల్దేరితే, "నాతో చదివినోళ్ళల్లో ఇంకెవరికైనా అంగడి పెట్టుకోమని చెప్పినారా మామా?" అని అడిగింది. ఆమె మాటలో తప్పు నాకు కనిపించలేదు. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం వాటా ఉంది, ఆమె దానికి చదువుకుంటానంటోంది, చదివించాలి. అంగడి కావాలని అడిగినవాళ్ళకే అంగడి.

రెండోది, ఎదురుగా అంగడి పెట్టుకుని బతుకుతున్న వితంతువు ఉంటుంది. ఆమె బేరం చీల్చి ఈయనకు ఇవ్వడం న్యాయమా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్న బేరాన్ని పంచే పని కాకుండా, ఊరికి ఇంతవరకు లేని పనిని తెచ్చిపెట్టాలని నేనంటున్నది ఇందుకే. పక్క ఊరికి పోయి డబ్బు తీసుకునేవాళ్ళు ఇక్కడే తీసుకుంటే ఆమెకు నష్టం లేదు. అయినా కొంత బేరం ఇటు తిరుగుతుంది, కాదనలేను.

మూడోది నా లెక్కల మీదికే వస్తుంది. పెన్షన్ 6,000 వస్తుంటే, 3,600 మిగిలే అంగడి కోసం ఇంత ఎందుకు? పాకాల దగ్గర చూపు లేని ఒకామె అంగడి నడుపుతోంది. ఆమె పద్దు చాలా చిన్నది, మా యజమాని ఆ పేజీ చూసి పెదవి విరుస్తాడు. నేను ఆమె దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. డబ్బాలన్నీ మూత తాకితే తెలిసేలా పెట్టుకుంది. బొరుగుల డబ్బాకు మూత లేదు, పప్పుల డబ్బాకు తాడు, చక్కెర డబ్బాకు రబ్బరు బ్యాండు. నోట్ల దగ్గరే కష్టం. కొత్త వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండొందలది 146, ఐదొందలది 150. వెడల్పు మూడింటికీ ఒకటే. నాలుగు మిల్లీమీటర్ల తేడాని వేళ్ళతో పట్టుకోవాలి. అంచున ఉబ్బెత్తు గీతలుంటాయి గానీ నాలుగు చేతులు మారి నలిగిన నోటులో అవి తగలవు. నోటు చూసి చెప్పే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది, దానికి మంచి ఫోను కావాలి, వెలుతురు కావాలి, వచ్చినవాళ్ళకు ఓపిక ఉండాలి. "కొలుస్తా కూచుంటే బేరమొచ్చినోళ్ళు నిలబడరు నాయనా" అంది. ఇప్పుడు ఫోన్‌పే డబ్బా పెట్టుకుంది. "ఇరవై రూపాయలు వచ్చాయి" అని అది పలికితేనే సరుకు చేతికిస్తుంది. ఎస్టీడీ మీటరు చేసిన పని ఆ డబ్బా చేస్తోంది. ఆమె బాకీలు కూడా తగ్గాయి, పద్దులో నాకది కనిపిస్తోంది.

అంగడి మూసేసి పెన్షన్‌తో ఉండకూడదా అని అడిగితే, "ఇంట్లో వుంటే అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళే గానీ, ఉర్లగడ్డలెంత అని అడిగేవాళ్ళు వుండరు" అంది. అందుకే మిగిలింది ఎంత అని మాత్రమే చూసి ఒక అంగడి వద్దని నేను చెప్పలేను. నిలబడేలా పెట్టండి అంటాను.

ఇంకో సందేహం, కుటుంబం చేతిలోకి పోవడం. అంగడి పేరు అన్నయ్యది, గల్లాపెట్టె తమ్ముడిది. మనిషిని ముందర కూర్చోబెట్టి డబ్బు వెనక తీసుకుంటారు. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లవాడికి అంగడి పెట్టిస్తే అక్కో, అమ్మో నడపక తప్పదు, అందులో దోషం లేదు. తేడా ఎలా తెలుస్తుంది? సరుకు ఏది తేవాలో ఎవరు చెబుతున్నారని నేను చూస్తాను. సరుకు చీటీ ఆ మనిషి నోటి నుంచి వస్తే ఆ అంగడి అతనిది. మాకు వచ్చే చీటీల్లో కొన్ని అమ్మ రాత, కొడుకు మాట. "వాడు నిమ్మ బిళ్ళలు కావాలంటున్నాడు" అని పక్కన రాసి ఉంటుంది. ఆ నిమ్మ బిళ్ళలు అమ్ముడుపోతాయి కూడా.

వ్యాపారంలో ఉన్నవాళ్ళం చేయగలిగింది

తిరుపతి గాంధీ రోడ్డు, చిన్నబజారు వీధిలో సరుకు అమ్మేవాళ్ళం కూడా దీంట్లో ఉన్నాం. ఊరూరా తిరిగి అంగళ్ళకు సరుకు దించే లైన్ బండి ఇంత బిల్లు లేనిదే ఆగదు, చిన్న అంగళ్ళను దాటుకుని పోతుంది. వికలాంగులు బస్సెక్కి తిరుపతికొచ్చి మూట మోసుకుని పోలేరు, ఆటోకు ఇస్తే మిగిలే నూటికి 8 ఆ కిరాయికే చాలదు. పన్నెండు పాకెట్లు కొంటే ఒకటి ఉచితం అనే స్కీములు పెద్ద అంగళ్ళకే అందుతాయి, ఎందుకంటే చిన్నవాళ్ళు ఆరే తీసుకుంటారు. గడువు తీరిన పాకెట్లు పెద్ద అంగడివాళ్ళు కసిరి వెనక్కి పంపిస్తారు, వీళ్ళు నోరు మూసుకుని నష్టపోతారు.

మా యజమానితో ఈ సంగతులు మాట్లాడాను. వికలాంగుల అంగళ్ళకు కనీస బిల్లు అడగకుండా బండి ఆపడానికి, గడువు దగ్గరపడ్డ పాకెట్లు మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆరు పాకెట్లకు సగం స్కీము ఇవ్వడం మాత్రం కంపెనీల చేతిలో ఉందన్నాడు. సరుకును గుమ్మం ముందు పడేసి పోకుండా, లోపల చేయి అందే అరలో సర్ది రావడం డ్రైవర్ల పని. పాకాల లైనుకు పోయే కుర్రాడు ఆ పని చేస్తున్నాడు, ఆ చూపు లేనామె ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో అతనికి నేర్పింది. చంద్రగిరి లైనువాళ్ళతో ఇంకా మాట్లాడాలి.